కొత్త మీసాల చేప, పాత పేర్ల చిక్కు: ఒక జాతి వర్ణన కేస్ స్టడీ

ఈ కేసు గ్లిప్టోథొరాక్స్ అనే ప్రజాతికి (దగ్గరి బంధువులైన జాతుల గుంపుకు) చెందిన ఒక చిన్న మీసాల చేపది. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. వేగంగా పారే కొండవాగుల్లో రాళ్లను కరుచుకుని బతుకుతుంది. వ్యాసం ఇప్పుడు పత్రిక సమీక్షలో ఉంది కాబట్టి మేం పెట్టదలచిన పేరు, వాగు పేరు, మేం పోల్చిన పాత జాతి పేరు ఇక్కడ రాయడం లేదు. వర్ణన అచ్చు కాకముందే పేరు బయటికి పొక్కితే జంతువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం దానికి చెల్లుబాటు ఉండదు. అయినా జాబితాల్లోకి ఎక్కి ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అలాంటి పేర్లను ఏరిపారేయడానికి ఎంత శ్రమ పడాలో ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు.

పేర్లు చెప్పకపోయినా ఈ కేసులో చెప్పుకోవాల్సింది చాలా ఉంది. చేప కొత్తగా ఉందని చూపించడం ఈ పనిలో చిన్న భాగం. ఇంతకుముందు ఎవరో పెట్టిన ఏ పేరూ ఈ చేపకు చెందదని నిరూపించడం పెద్ద భాగం. మా సమయం, మా టెన్షన్ దాదాపు అంతా ఈ రెండో దాని దగ్గరే పోయింది.

సీసాలో కనిపించిన తేడా

ఈ చేపలు మాకు మొదట కనిపించింది వాగులో కాదు, సీసాలో. ఏదో చేపల సర్వేలో పట్టినవాటిని, ఆ చుట్టుపక్కల నదుల్లో అందరికీ తెలిసిన ఒక జాతి పేరుతో లేబుల్ రాసి భద్రపరిచారు. లేబుల్ రాసినవాళ్లను తప్పు పట్టడానికి లేదు. ఈ ప్రజాతిలో వందకు పైగా జాతులున్నాయి. పడమరన టర్కీ నదుల నుంచి తూర్పున చైనా, దక్షిణాన ఇండోనేషియా దాకా విస్తరించి ఉన్నాయి. పైనుంచి చూస్తే చాలావరకు ఒకేలా ఉంటాయి. అణిగిన తల, నాలుగు జతల మీసాలు, వెన్ను రెక్క ముందు ముల్లు, దాని వెనక కొవ్వు రెక్క, గోధుమ రంగు ఒళ్లు, చీలిన తోక.

తేడా తెలియాలంటే చేపను వెల్లకిలా తిప్పాలి. రెండు ఛాతీ రెక్కల మధ్య చర్మం పొడవుగా ముడతలు పడి ఒక పట్టీలా ఏర్పడి ఉంటుంది. ఆ ముడతల గట్ల మీద, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే, ఒక్కో చర్మకణం నుంచి ఒక్కో గట్టి మొన పొడుచుకొచ్చి ఉంటుంది. వీటిని అన్‌క్యులై అంటారు. చేప ఛాతీని రాయికి ఆనించినప్పుడు ఈ మొనలు రాతి గరుకును పట్టుకుంటాయి, వరద నీళ్లలో కూడా చేప కొట్టుకుపోదు. కొండవాగుల చేపల ఒంటి నిర్మాణం మీద 1920లలో ఎస్.ఎల్.హోరా రాసిన వ్యాసాల నుంచి ఈ అవయవాల మీద శాస్త్రజ్ఞుల దృష్టి ఉంది. ఈ ప్రజాతిలో ఒక జాతిని ఇంకో జాతి నుంచి విడదీయడానికి ఇప్పటికీ మేం మొదట చూసేది ఈ పట్టీనే. దాని ఆకారం ఏమిటి, ముడతలు గొంతు వైపు ఎంతవరకు సాగాయి, మధ్యలో నున్నటి గుంట ఉందా, ఉంటే అది వెనక్కి తెరుచుకుని ఉందా, మూసుకుని ఉందా.

లేబుల్ మీదున్న జాతిలో పట్టీ వెడల్పుగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మధ్య గుంట వెనక్కి తెరుచుకుంటుంది. మా ముందున్న చేపల్లో పట్టీ సన్నగా, పొడవుగా ఉంది. గుంట వెనక చివర ముడతలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి దారి మూసేశాయి. ముందువైపు కొన్ని ముడతలు గొంతు చర్మం మీదికి కూడా పాకాయి.

ఇంత స్పష్టంగా కనిపించినా అక్కడే ఒక నిర్ణయానికి రాకూడదు. పిల్ల చేపల్లో పట్టీ పూర్తిగా ఏర్పడి ఉండదు. ఆడ మగ తేడా ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఫార్మలిన్‌లోనూ ఆ తర్వాత ఆల్కహాల్‌లోనూ చర్మం ముడుచుకుని గుంట అంచులు దగ్గరపడతాయి. సీసాలో మూసుకున్నట్టు కనిపించే గుంట బతికున్న చేపలో తెరుచుకుని ఉండొచ్చు. భద్రపరిచిన చేప ఒక్కదాన్నే చూసి రాసిన వర్ణనలు తర్వాత నిలబడకపోవడానికి ఇలాంటివే కారణం.

వాగులో

అనుమతులన్నీ చేతికొచ్చాకే వాగులో దిగాం. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, అనుమతి లేకుండా పట్టిన చేప మీద ఎంత మంచి వర్ణన రాసినా మంచి పత్రికలు తీసుకోవు, తీసుకోకూడదు కూడా.

ఈ చేపలు లోతు మడుగుల్లో ఉండవు. నీళ్లు తెల్లగా నురగలు కక్కుతూ రాళ్ల మీద నుంచి దూకే చోట, గుండ్రాళ్ల అడుగున ఉంటాయి. ఒకరు దిగువన చేతివల ఆనించి నిలబడితే ఇంకొకరు ఎగువన రాళ్లను కదిలిస్తారు. చేప రాయిని వదిలిన క్షణంలో ప్రవాహం దాన్ని వలలోకి తోస్తుంది. కదిలించిన రాయిని మళ్లీ దాని చోట, అదే పక్కకు పెట్టడం మా పద్ధతి. దాని అడుగున గుడ్లు, పురుగుల లార్వాలు ఎన్నో ఉంటాయి.

ఎన్ని చేపలు తీసుకోవాలన్నది ప్రతి కేసులోనూ తేల్చుకోవాల్సిన విషయం. మాకు కావలసింది చిన్న సైజు నుంచి పెద్ద సైజు దాకా ఒక వరస, రెండు లింగాలూ. అంతకు మించి తీసుకోవడానికి కారణం లేదు. ఒకే వాగుకు పరిమితమైన చేప అయ్యే అవకాశం ఉన్నప్పుడు ఎక్కువ పట్టడం అంటే మనం వర్ణించబోయే దానికే నష్టం చేయడం.

ఈ కేసులో నాకు బాగా నచ్చిన పరిశీలన వాగు ఒడ్డునే జరిగింది. ఫొటోల కోసం సన్నటి గాజు తొట్టె పెట్టుకుంటాం. పెద్ద చేప ఒకటి తొట్టెలో వేయగానే ముందు గోడకు ఛాతీ ఆనించి అతుక్కుపోయింది. గాజు ఇవతలి నుంచి దాని పట్టీ మొత్తం కనిపించింది. ముడతలు గాజు మీద పరుచుకున్నాయి, ఒక్కో గట్టు విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా. మధ్యలో గుంట లేత గులాబీ రంగులో, గాజును తాకకుండా ఉంది. వెనక చివర ముడతలు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తెగకుండా కలిసే ఉన్నాయి. ఇంకో చేపను వేశాం, అదీ అంతే. గుంట మూసుకోవడం ఫార్మలిన్ వల్ల రాలేదని అక్కడే తేలింది. అప్పటి నుంచి ఈ ప్రజాతి మీద పనిచేసే విద్యార్థులందరికీ బతికున్న చేప ఛాతీని గాజు మీద ఫొటో తీయమనే చెబుతున్నాను. వర్ణనల్లో ఈ ఒక్క ఫొటో ఉంటే తర్వాతివాళ్లకు ఎంతో పని తగ్గుతుంది.

రంగులు కూడా అప్పుడే రాసుకోవాలి. చేప చనిపోయాక రంగు త్వరగా మారిపోతుంది, ఫార్మలిన్‌లో పసుపు, నారింజ ఛాయలు పోతాయి. మిగిలేది నలుపు, గోధుమ రంగులే. ఫొటో తీశాక మత్తు మందు ఎక్కువ మోతాదులో ఇచ్చి బాధ లేకుండా చంపుతాం. కుడివైపు పొట్ట రెక్క నుంచి చిన్న ముక్క కత్తిరించి శుద్ధ ఆల్కహాల్‌లో వేస్తాం. ఇది ఫార్మలిన్ తగలకముందే జరగాలి, ఎందుకంటే ఫార్మలిన్ డీఎన్ఏను దెబ్బతీస్తుంది. కుడివైపే ఎందుకంటే కొలతలు ఆనవాయితీగా ఎడమవైపు తీస్తారు, ఆ పక్క చెక్కుచెదరకుండా ఉండాలి. రెక్కలు విప్పి, ఒళ్లు తిన్నగా ఉండేలా 10 శాతం ఫార్మలిన్‌లో కొన్ని రోజులు ఉంచి, నీళ్లలో నానబెట్టి, 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాం. రెక్క ముక్క నంబరు, ఫొటో నంబరు, చేప నంబరు ఒకటే అయ్యేలా దారంతో చీటీ కట్టాం. తర్వాత జరిగిన వాదనలన్నిటిలో మమ్మల్ని నిలబెట్టింది ఈ చీటీలే.

కొలతలు

కొలతల గురించి ఎక్కువ చెప్పను. డిజిటల్ కాలిపర్‌తో 0.1 మిల్లీమీటరు వరకు కొలుస్తాం. మూతి కొస నుంచి తోక రెక్క మొదలు వరకు ఉన్న పొడవును ప్రామాణికంగా తీసుకుని మిగతావన్నీ దానిలో శాతంగా, తలకు సంబంధించినవి తల పొడవులో శాతంగా రాస్తాం. ఇద్దరు మనుషులు ఒకరి అంకెలు ఒకరు చూడకుండా కొలవాలి. తల వెడల్పు, మీసాల పొడవు లాంటివి మొదటి చూపులో తేడాగా అనిపించినా, పాత జాతి కొలతలతో కలిసిపోయాయి. వాటిని వర్ణనలో ఉంచాం, జాతిని గుర్తించే లక్షణాల్లోంచి తీసేశాం. తోక కాడ (తోక రెక్కకు ముందున్న సన్నటి భాగం) మాత్రం కలవలేదు. మా చేపల్లో అది సన్నగా, పొడవుగా ఉంది. చిన్న చేపల్లోనూ పెద్ద చేపల్లోనూ ఆ నిష్పత్తి పాత జాతి పరిధి బయటే నిలిచింది.

వెన్నుపూసల లెక్క ఎక్స్‌రేలో చూశాం. మీసాల చేపల్లో తల వెనక మొదటి పూసలు కొన్ని కలిసిపోయి, ఈత తిత్తి నుంచి చెవికి శబ్దాన్ని చేరవేసే వెబేరియన్ అమరికలో భాగమవుతాయి. వాటిని ఐదుగా లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. మేం ఆ పద్ధతి పాటించామని వ్యాసంలో స్పష్టంగా రాశాం. ఎలా లెక్కపెట్టారో చెప్పకుండా అంకె ఇస్తే, పక్క వ్యాసంలోని అంకెతో పోల్చినప్పుడు లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది.

పాత పేర్ల దగ్గర

చేప తేడాగా ఉందన్న సంగతి ఇప్పుడు గట్టిపడింది. ఇక ఆ తేడా చేపకు ఇప్పటికే పేరుందా?

కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ నిర్వహించే ఎష్మేయర్స్ క్యాటలాగ్ ఆఫ్ ఫిషెస్‌లో ఒక ప్రజాతికి సంబంధించి ఇప్పటిదాకా పెట్టిన పేర్లు, వాటి టైప్ నమూనాలు (ఒక పేరు ఏ చేపకు చెందుతుందో తేల్చే ఆధార నమూనాలు) ఏ మ్యూజియంలో ఉన్నాయో, అవి పోయాయో, వివరాలతో సహా దొరుకుతాయి. చాలామంది అందులో చెల్లుబాటులో ఉన్న జాతుల వరకే చూసి, వాటితో పోల్చి ఊరుకుంటారు. అది చాలదు. ఒక జాతికి పర్యాయపదంగా పక్కన పెట్టిన పాత పేరు నిజానికి మన చేపదే అయితే, ముందు పెట్టిన పేరుకే హక్కు అనే ప్రాధాన్య నియమం ప్రకారం ఆ పాత పేరే బతికి లేస్తుంది. 1758లో వచ్చిన లిన్నేయస్ పుస్తకం 'సిస్టమా నేచురే' పదో ముద్రణ నుంచి ఇప్పటిదాకా ఉన్న ప్రతి పేరుకూ ఆ హక్కు ఉంది. కాబట్టి జాబితాలో చచ్చిన పేరంటూ ఏదీ లేదనుకునే పని చేయాలి.

కొన్ని పేర్లు తొందరగానే పక్కకు పోయాయి. ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల మీద అచ్చువేసిన పుస్తకంలో ఈ ప్రజాతి చేపలు కూడా ఉన్నాయి. కేవియా, టెల్చిట్టా, బోటియస్ అనే పేర్లు అక్కడివే. అప్పట్లో ఆయన వాటిని పిమెలోడస్ అనే ప్రజాతి కింద పెట్టాడు. ఆయన టైప్ నమూనాలు ఏవీ మిగల్లేదు, ఆధారం ఆయన రాసిన మాటలే. అదృష్టవశాత్తు మా వాగు ఆ నదీ వ్యవస్థలోది కాదు, వర్ణనలూ మా చేపకు సరిపోవు.

చిక్కు వచ్చింది సీసా లేబుల్ మీదున్న ఆ సుపరిచిత జాతితోనే. 19వ శతాబ్దంలో దాన్ని వర్ణించిన రచయిత ఏ ఒక్క చేపనూ టైప్‌గా ఎంచలేదు. ఆ కాలంలో అది మామూలే. తన దగ్గరున్న చేపలన్నిటినీ ఆధారం చేసుకుని రాశాడు. అలాంటి చేపలన్నిటినీ ఇప్పుడు సింటైప్‌లు అంటాం, పేరుకు అన్నీ సమాన హక్కుదార్లే. అవి ఒక విదేశీ మ్యూజియంలో ఉన్నాయి. అరువు తెప్పించుకోవడం కుదరలేదు. అక్కడి క్యూరేటర్‌కు మేం ఏ కోణంలో, ఏ స్కేలుతో, ఏ భాగం ఫొటో కావాలో గీసి మరీ రాశాం. ఆయన ఛాతీ ఫొటోలు, ఎక్స్‌రేలు, సీసాలోని పాత చీటీలు అన్నీ పంపారు. ఈ రంగంలో మ్యూజియం క్యూరేటర్ల పనికి దక్కాల్సినంత గుర్తింపు దక్కడం లేదని నా గట్టి అభిప్రాయం. వాళ్లు ఒక పూట కేటాయించకపోతే మా వ్యాసం ఉండేదే కాదు.

ఫొటోలు తెరిచి చూస్తే సింటైప్‌లలో ఒక చేప ఛాతీ పట్టీ వెడల్పుగా, గుంట వెనక్కి తెరుచుకుని ఉంది. ఇంకో చేప పట్టీ సన్నగా, గుంట మూసుకుని ఉంది. తోక కాడ కూడా సన్నదే. అంటే ఒకే పేరు కింద రెండు రకాల చేపలు ఉన్నాయి, అందులో ఒకటి అచ్చం మాది.

దీని అర్థం ఎంత దూరం వెళ్తుందో చెబుతాను. ఆ పేరు సన్న పట్టీ చేపకు చెందితే, మా కొత్త జాతి కొత్తది కాదు, అదే అసలైన పాత జాతి. అప్పుడు అందరూ ఇన్నేళ్లూ ఆ పేరుతో పిలుస్తున్న వెడల్పు పట్టీ చేపకు పేరు లేకుండా పోతుంది. పుస్తకాలు, మ్యూజియం లేబుళ్లు, జీవవైవిధ్య జాబితాలు అన్నీ తిరగరాయాలి.

సింటైప్‌లు కలగలిసి ఉన్నప్పుడు నియమావళి ఒక దారి చూపిస్తుంది. వాటిలో ఒకదాన్ని లెక్టోటైప్‌గా ఎంచి అచ్చులో ప్రకటిస్తే, ఆ పేరు శాశ్వతంగా దానికే అతుక్కుంటుంది. మిగతావి పారాలెక్టోటైప్‌లు అవుతాయి, పేరు మీద వాటికి హక్కు పోతుంది. వెడల్పు పట్టీ చేపను మేమే లెక్టోటైప్‌గా ఎంచి, వాడుకను కాపాడి, మా దారిన మేం పోవచ్చు అనిపించింది. బృందంలో అందరూ అదే అన్నారు. అయితే లెక్టోటైప్‌ను ఎవరైనా ఇప్పటికే ఎంచి ఉంటే మొదటి ఎంపికే చెల్లుతుంది, తర్వాతివాళ్లు చేసేదానికి విలువ లేదు. ఆ మొదటి ఎంపిక సన్న పట్టీ చేప మీద పడి ఉంటే మా పని మొత్తం తలకిందులవుతుంది.

కాబట్టి ఆ పేరు వాడిన వ్యాసాలన్నీ వెతకడం మొదలుపెట్టాం. ఇలాంటి ఎంపికలు శీర్షికల్లో కనిపించవు. పట్టిక కింద గమనికలో, ఫొటో కింద వ్యాఖ్యలో, అనుబంధంలో ఎక్కడో ఉంటాయి. స్కాన్ చేసిన పాత పత్రికల్లో అక్షరాల గుర్తింపు సరిగా పనిచేయదు, పేజీ పేజీ చూడాల్సిందే. చివరికి 20వ శతాబ్దపు పునఃపరిశీలన వ్యాసం ఒకదానిలో పేజీ అడుగున దొరికింది. రచయిత లెక్టోటైప్ అనే మాట వాడి, ఆ చేప పొడవును మిల్లీమీటర్లలో ఇచ్చాడు. నంబరు ఇవ్వలేదు, ఎందుకంటే సింటైప్‌లన్నీ ఒకే రిజిస్టర్ నంబరు కింద ఉన్నాయి.

ఇప్పుడు ఆ పొడవు ఏ చేపది? ఎక్స్‌రేల్లో స్కేలు ఉంది. రెండు రకాల చేపల పొడవుల మధ్య తేడా, ఆల్కహాల్‌లో కుదించుకుపోయే దానికంటే చాలా ఎక్కువ. అచ్చులో ఉన్న అంకె వెడల్పు పట్టీ చేపతో సరిపోయింది. క్యూరేటర్‌ను మళ్లీ అడిగితే చేతితో కొలిచి అదే మాట చెప్పారు. అలా ఆ పాత పేరు వాడుకలో ఉన్న జాతితోనే ఉండిపోయింది. సన్న పట్టీ చేప పారాలెక్టోటైప్ అయింది. మా జాతికి అప్పటిదాకా పేరు లేదు.

ఆ పారాలెక్టోటైప్‌ను మా వ్యాసంలో ఇతర నమూనాల కింద పెట్టాం, టైప్ శ్రేణిలోకి, అంటే కొత్త పేరుకు ఆధారంగా ప్రకటించే నమూనాల్లోకి, తీసుకోలేదు. దాని చీటీ మీద ఒక విశాల ప్రాంతం పేరు తప్ప వాగు పేరు లేదు. ఎక్కడ పట్టారో తెలియని చేపను కొత్త జాతికి పునాదిగా వాడితే, మనం ఇన్నాళ్లూ పడిన ఇబ్బందినే తర్వాతివాళ్లకు అప్పగించినట్టు.

ఇంకో పేరు మిగిలింది. పక్క నదీ వ్యవస్థ నుంచి వర్ణించిన జాతి, టైప్‌లు లేవు. దానికి నియోటైప్ (పోయిన టైప్‌కు బదులు కొత్తగా ఎంచే నమూనా) ఎంచి తేల్చేయమని ఒక మిత్రుడి సలహా. నియోటైప్ ఎంచాలంటే అసాధారణ అవసరం ఉందని, ఆ అవసరం ఏమిటని రచయిత స్పష్టంగా రాయాలి. మాకు అంత అవసరం కనిపించలేదు. ఆ జాతి టైప్ ప్రాంతం నుంచే తాజా చేపలు తెచ్చి చూస్తే వాటి ముడతలు గొంతు దాకా అసలు రావడం లేదు, మొదటి వర్ణన కూడా అదే చెబుతోంది. పోలిక తేలడానికి అది సరిపోయింది.

డీఎన్ఏ

మైటోకాండ్రియాలోని సీవోఐ జన్యువులో సుమారు 650 అక్షరాల భాగం చదివించాం. మా చేపలన్నీ ఒక గుంపుగా, వెడల్పు పట్టీ జాతికి స్పష్టంగా దూరంగా నిలిచాయి. రెండు శాతం తేడా దాటితే కొత్త జాతి అనే ఒక అలవాటు లెక్క ప్రచారంలో ఉంది. దాన్ని ఆధారంగా వాడమని ఎవరికీ చెప్పను. మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది, ఎప్పుడో జరిగిన సంకరం వల్ల ఒక జాతి మైటోకాండ్రియా ఇంకో జాతిలోకి చేరిన ఉదాహరణలు చేపల్లో ఉన్నాయి. అందుకే ఒక కేంద్రక జన్యువును కూడా చూశాం, ఫలితం అదే దారిలో ఉంది.

ఒక్క చోట మాత్రం ఆగాల్సి వచ్చింది. జెన్‌బ్యాంక్ అనే బహిరంగ డీఎన్ఏ సమాచార నిధిలో పాత జాతి పేరుతో ఉన్న ఒక డీఎన్ఏ క్రమం మా గుంపులో వచ్చి కూర్చుంది. ఆ క్రమం ఏ చేప నుంచి తీశారో, ఆ చేప ఏ మ్యూజియంలో ఉందో వివరం లేదు. చేప లేకుండా ఆ పేరు సరైనదో కాదో ఎవరూ చూడలేరు. పాత పేరు ఎవరిదో లెక్టోటైప్ ద్వారా తేలిపోయింది కాబట్టి మాకు ఇబ్బంది రాలేదు. ఈ రెండు పనుల వరస మారి ఉంటే, అంటే డీఎన్ఏ చెట్టు మీద పేర్లను నమ్మి మొదలుపెట్టి ఉంటే, మా చేపే పాత జాతి అని రాసుకుని ఊరుకునే ప్రమాదం ఉంది.

రాయడం, ఎంచడం

వర్ణనలో అందరూ చదివేది గుర్తింపు లక్షణాల పేరానే. 1930 తర్వాత పెట్టే పేరుకు, ఇతర జాతుల నుంచి వేరుచేసే లక్షణాలను మాటల్లో చెప్పడం నియమావళి షరతు కూడా. అక్కడ 'కొంచెం పొడవు', 'కాస్త సన్నం' లాంటి మాటలు పనికిరావు. మా పేరా సారం ఇలా ఉంది: ఛాతీ పట్టీ పొడవు దాని వెడల్పుకు రెట్టింపుకు పైన, మధ్య గుంట వెనకవైపు అవిచ్ఛిన్నమైన ముడతలతో మూసుకుని ఉండటం, ముడతలు గొంతు చర్మం మీదికి సాగడం, ఛాతీ ముల్లు అడుగు భాగం ముడతలు లేకుండా నున్నగా ఉండటం, తోక కాడ సన్నగా ఉండటం. వీటిలో ఏ ఒక్కటీ ఈ చేపకే ప్రత్యేకం కాదు, ఈ కలయిక ప్రత్యేకం. ఆ మాటా పేరాలోనే రాశాం.

2000 సంవత్సరం నుంచి కొత్త జాతి పేరుకు హోలోటైప్ (ఆధారంగా ఎంచిన ఒకే ఒక్క నమూనా) గానీ సింటైప్‌లు గానీ స్పష్టంగా ప్రకటించడం, అవి ఏ సేకరణలో ఉంటాయో చెప్పడం తప్పనిసరి. సింటైప్‌ల దారి మమ్మల్ని ఎక్కడికి తీసుకెళ్లిందో చూశాక మేం ఒక్క చేపనే ఎంచాలన్న దానిలో చర్చే లేదు. ఆ ఒక్కటి ఏది అన్నదాని మీద చర్చ జరిగింది. అన్నిటికంటే పెద్దది, అందంగా ఉన్నది ఒకటుంది, కానీ దాన్ని బతికుండగా ఫొటో తీయలేదు. కాస్త చిన్నదైనా మీసాలు తెగని, గాజు మీద ఛాతీ ఫొటో ఉన్న, రెక్క ముక్క భద్రంగా ఉన్న చేపను హోలోటైప్‌గా తీసుకున్నాం. వందేళ్ల తర్వాత ఎవరైనా అనుమానం వచ్చి చూస్తే ఒకే చేపలో అన్ని ఆధారాలూ దొరకాలి.

పారాటైప్‌లను, అంటే టైప్ శ్రేణిలో హోలోటైప్ కాని మిగతా చేపలను, ఒకే మ్యూజియంలో పెట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మనీలాలోని బ్యూరో ఆఫ్ సైన్స్ ధ్వంసమైనప్పుడు, ఆల్బర్ట్ హెర్రె వర్ణించిన ఫిలిప్పీన్స్ చేపల టైప్‌లు ఎన్నో పోయాయి. ఒకే చోట పెట్టడం వల్ల వచ్చే నష్టం ఏమిటో ఆ చేపల మీద ఇప్పటికీ పనిచేసేవాళ్లు అనుభవిస్తున్నారు.

పేరు విషయంలో ఎక్కువ ఆలోచించలేదు. వాగును బట్టి పెట్టాం. గ్లిప్టోథొరాక్స్ వ్యాకరణం ప్రకారం పుంలింగం, విశేషణంగా పెట్టే జాతి పేరు దానికి తగ్గట్టు ఉండాలి. ఆన్‌లైన్ పత్రిక కాబట్టి జంతువుల పేర్ల అధికారిక రిజిస్టరైన జూబ్యాంక్‌లో వ్యాసాన్ని ముందే నమోదు చేసి, ఆ నమోదు రుజువు వ్యాసంలోనే చేర్చాం. ఇది లేకపోతే 2012లో వచ్చిన సవరణ ప్రకారం ఎలక్ట్రానిక్ ప్రచురణలో పెట్టిన పేరు చెల్లదు.

సమీక్షలో వచ్చినవి

సమీక్షకుల్లో ఒకరు లెక్టోటైప్ వాదనను ఒక అనుబంధంగా విడదీసి, పొడవుల పట్టికతో సహా ఇవ్వమన్నారు. మంచి సలహా, అలాగే చేశాం. ఇంకొకరు ఈ జాతిని తీవ్ర ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించమని కోరారు. ఆ వాగు మీద నాకున్న ఆందోళన తక్కువేమీ కాదు. ఇసుక, గుండ్రాళ్లు తీసేస్తే ఈ చేపకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. కానీ జాతుల ముప్పు స్థాయిని తేల్చే ఐయూసీఎన్ ప్రమాణాల్లో విస్తృతి 100 చదరపు కిలోమీటర్ల లోపు ఉండటం ఒక్కటే చాలదు, ఒకే చోటికి పరిమితం కావడం, క్షీణత కొనసాగుతూ ఉండటం లాంటి షరతులు కూడా కలవాలి. క్షీణతకు మా దగ్గర ఇంకా ఆధారం లేదు. ఉన్న ముప్పులను రాసి, వర్గం ఇవ్వకుండా వదిలేశాం. తొందరపడి ఇచ్చిన వర్గాన్ని ఎవరైనా సులువుగా కొట్టేస్తే, తర్వాత నిజమైన ఆధారంతో వెళ్లినా వినేవాళ్లు తగ్గుతారు.

అందరూ అడిగిన ప్రశ్న రెండో వాగు గురించి. కొండకు అవతలి వైపు పారే వాగులో కూడా సన్న పట్టీ చేపలు దొరికాయి. గుంట మూసుకునే ఉంది, కానీ ముడతలు గొంతు మీదికి అంతగా రావు. సీవోఐలో చిన్న తేడా ఉంది. మాకు దొరికినవన్నీ చిన్న చేపలు, పట్టీ పూర్తిగా ఎదిగిందో లేదో చెప్పలేని సైజు. వాటిని టైప్ శ్రేణిలో చేర్చలేదు, వర్ణనలోని అంకెల్లో కలపలేదు. సీసా మీద ప్రజాతి పేరు తర్వాత, పోల్చదగినది అని సూచించే 'సీఎఫ్.' గుర్తుతోనే ఉంచాం. నీళ్లు తగ్గే కాలంలో ఆ వాగు పై భాగంలో పెద్ద చేపలు దొరికితే గాజు మీద ఛాతీ ఫొటోలు తీసి, ఎక్స్‌రేలో పూసలు లెక్కపెట్టాలి. గొంతు ముడతల తేడా పెద్ద చేపల్లోనూ నిలిస్తే దాని మీద వేరే వ్యాసం రాయాలి. నిలవకపోతే ఈ జాతి నివాసాల్లో ఆ వాగును కూడా చేరుస్తాం.